నీళ్ల బిల్లులో నది వాటా: బిల్లుకు మూడు రూపాయలా, వాడకాన్ని బట్టా?

పశ్చిమ కనుమల్లో పుట్టే నదుల నీళ్లు తాగే ఊళ్లలో నీళ్ల బిల్లుకు నెలకు 2, 3 రూపాయల గ్రీన్ సెస్ (పర్యావరణం కోసం వేసే అదనపు పన్ను) కలపాలని, దానికి ప్రతిపాదన తయారు చేయమని 2024 నవంబరులో కర్ణాటక అటవీ మంత్రి ఈశ్వర్ ఖండ్రే అధికారులకు చెప్పారు. బెంగళూరులో మనం తాగే కావేరి పుట్టేది ఆ కనుమల్లోనే, కొడగులో. నదికి బాకీ ఉన్నామన్నది ఒప్పుకోవాల్సిందే. పేచీ అంతా వసూలు దగ్గరే.

బిల్లుకు ఇంత అని వేస్తే సులువు, మూడు రూపాయలకు ఎవరూ రోడ్డెక్కరు. కానీ లెక్క వేయండి. పది లక్షల కనెక్షన్లనుకుంటే ఏడాదికి 3.6 కోట్లు. ఆ నిధితో అడవి అంచున రైతులు అమ్మే భూములు కొంటారట, ఏనుగులు దాటకుండా రైలు పట్టాల కంచెలు వేస్తారట. ఏనుగు దాహానికి చూరు నీళ్లంటే ఇదే! పైగా రెండు వందల ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు బల్క్ కనెక్షన్ ఒక్కటే, బిల్లూ ఒక్కటే. బిల్లును బట్టే వసూలు చేస్తే హనుమంతనగర్‌లో రెండు గదుల ఇంటాయనకూ మూడు రూపాయలే, స్విమ్మింగ్ పూల్ ఉన్న టవర్లకూ మూడు రూపాయలే.

కిలోలీటరుకు ఇంత అనడమే న్యాయం. వాడకాన్ని బట్టి రేటు మారే స్లాబులు ఎలాగూ ఉన్నాయి, మొదటి స్లాబును వదిలేస్తే పేదలకు భారం ఉండదు. చిక్కల్లా అపార్ట్‌మెంట్లలోనే. మా బ్లాకులో ఫ్లాటుకు మీటరు లేదు, నీళ్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో సమానంగా పంచేస్తారు. ఇద్దరే ఉండే మామ్మగారూ తాతగారూ, రోజూ పైపు పెట్టి బాల్కనీ కడిగేవాళ్లూ కట్టేది ఒకటే. ముందు ఫ్లాటుకో మీటరు రావాలి. బోరు, ట్యాంకర్ల మీద బతికే ఇళ్లు మాత్రం రెండు పద్ధతులకూ దొరకవు.

ఇక ఖర్చు. కనుమలకు ఇవ్వండి, కాదనను. కానీ మైసూరు రోడ్డులో ముక్కు మూసుకుని దాటే వృషభావతి నదిలో పారేది మన మురుగే. అది అర్కావతిలో, అర్కావతి కావేరిలో కలుస్తాయి. నన్నడిగితే సగం డబ్బు అక్కడికే పోవాలి.

ఖాతా కూడా వేరుగా ఉండాలి. 1977 నాటి వాటర్ సెస్ కేంద్ర ఖజానాలో పడి, అక్కడి నుంచి కాలుష్య నియంత్రణ బోర్డులకు వచ్చేది. 2017లో జీఎస్టీతో పాటే అది రద్దయింది. ఈసారి ఏ కాలువ మీద ఎంత పెట్టారో బిల్లు వెనకాలే అచ్చేస్తే, కిలోలీటరుకు ఇంకో రూపాయి అడిగినా నేను కడతాను.