సియాటిల్ వెళ్తే డిక్స్‌లో బర్గర్ తినకుండా రావద్దు

సియాటిల్ అనగానే మనవాళ్ళ లిస్టులో స్పేస్ నీడిల్, పైక్ ప్లేస్ మార్కెట్, మౌంట్ రెయినియర్ ఉంటాయి, టైముంటే బోయింగ్ ఫ్యాక్టరీ కూడా. అన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ ఆ లిస్టులో వాలింగ్‌ఫర్డ్ అనే పేటలో 45వ వీధి పక్కనున్న డిక్స్ డ్రైవ్-ఇన్ కూడా చేర్చుకోండి. 1954లో పెట్టారు, అంటే స్పేస్ నీడిల్ కంటే ఎనిమిదేళ్ళు పెద్దది, ఇప్పటికీ అదే చోట అదే పని చేస్తోంది. అప్పట్లో బర్గర్ 19 సెంట్లు.

డ్రైవ్-ఇన్ అన్నారు కదా అని కారు దగ్గరికే వచ్చి ఇస్తారనుకోకండి. కారు ఆపి, దిగి, కిటికీ ముందు క్యూలో నిలబడాలి. వాలింగ్‌ఫర్డ్‌లో కూర్చోడానికి హాలు ఉండదు, జనం కార్లలోనో, కారు బానెట్ మీద పొట్లాలు పరుచుకునో, ఫుట్‌పాత్ మీద నిలబడో తింటారు. చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ ఉండి తప్పనిసరిగా కూర్చోవాలంటే క్వీన్ ఆన్ అనే పేటలో ఉన్న డిక్స్‌కి వెళ్ళండి, 1974లో పెట్టిన ఆ షాపులో లోపల టేబుళ్ళు ఉన్నాయి. అక్కడి నుంచి కెర్రీ పార్క్ కూడా దగ్గరే, ఊరంతా కనిపించే ఫోటోలు తీసుకునేది అక్కడే.

ఇక ఆర్డర్ సంగతి. కిటికీ దగ్గరికి వెళ్ళేలోపే ఏం కావాలో తేల్చుకోండి, తేల్చుకోడానికి ఉన్నదే నాలుగు రకాలు: హ్యాంబర్గర్, చీజ్‌బర్గర్, స్పెషల్, డీలక్స్. ఇది తీసేయండి, అది ఎక్కువ వేయండి అంటే కుదరదు. ఎలా చేస్తారో అలాగే తీసుకోవాలి. కొత్తగా వెళ్ళినవాళ్ళకి ఇది మొండితనంలా అనిపించవచ్చు, నాకు మాత్రం ఆ షాపులో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఒకరికొకరకంగా చేసిపెట్టే పని లేదు కాబట్టి లోపల గ్రిల్ మీద వరసగా అవుతూనే ఉంటాయి, మనం డబ్బులిచ్చి చిల్లర జేబులో వేసుకునేలోపు పొట్లం చేతికొస్తుంది. పదిహేను ఇరవై మంది ఉన్న క్యూ చూసి వెనక్కి వెళ్ళిపోకండి, అది కదిలే వేగం చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

మొదటిసారి వెళ్తే డీలక్స్ తీసుకోండి. కాగితం విప్పగానే ఆవిరి తగులుతుంది. పల్చటి ప్యాటీలు (మాంసం బిళ్ళలు) రెండు, వాటి మధ్య కరిగి అంచుల్లోంచి జారుతున్న చీజ్, తరిగిన లెట్యూస్, మయోనైజ్, అందులో కలిపిన తీపీ పులుపూ ఉన్న సన్నటి దోసకాయ ఊరగాయ తురుము. బన్ను మెత్తగా ఉంటుంది, రెండు నిమిషాలు ఆగితే ఆ మయోనైజ్ కింది బన్నులోకి ఇంకిపోతుంది, అందుకే వేడి మీద తినేయాలి. చేతిలో పట్టేంత సైజు, నోరు పెద్దగా తెరవక్కర్లేదు. ఇప్పటి ఖరీదైన బర్గర్ షాపుల్లో అరచేయంత మందంగా ప్యాటీ పెట్టి, కారమెల్ చేసిన ఉల్లిపాయలూ గుడ్డూ పేర్చి, పుల్ల గుచ్చి నిలబెడతారు చూడండి, అలాంటిది ఆశించి వెళ్ళకండి. అక్కడ ఒక్క బర్గర్‌కి అయ్యే ఖర్చుతో ఇక్కడ బర్గర్, ఫ్రైస్, షేక్ మూడూ వచ్చేస్తాయి.

ఫ్రైస్ గురించి ముందే చెప్పాలి, వీటి మీద ఆ ఊళ్ళోనే రెండు వర్గాలున్నాయి. బంగాళాదుంపలు షాపులోనే కోసి వేయిస్తారు, ఫ్రోజెన్ సరుకు కాదు. కాబట్టి కరకరలాడవు, మెత్తగా ఉండి అక్కడక్కడా చివర్లు ముదురు గోధుమ రంగులోకి తిరిగి ఉంటాయి. మన ఇళ్ళలో చేసే బంగాళాదుంప వేపుడులో అడుగున మిగిలిన ముక్కల్లా అనుకోండి. నాకు ఆ ముదురు చివర్లే ఇష్టం. కరకరలాడేవే కావాలంటే మీకు నచ్చకపోవచ్చు. కెచప్‌కీ, మయోనైజ్‌లో ఊరగాయ ముక్కలు కలిపి చేసే టార్టార్ సాస్‌కీ విడిగా కొన్ని సెంట్లు తీసుకుంటారు, టార్టార్ సాస్ మాత్రం తప్పకుండా అడగండి, ఈ ఫ్రైస్‌కి అదే జోడీ. షేక్ చిక్కగా ఉంటుంది, నా ఓటు చాక్లెట్‌కి.

మన ఇళ్ళ దృష్టితో ఒక ముఖ్యమైన విషయం. డిక్స్‌లో ప్యాటీ అంటే బీఫే. చికెన్ లేదు, చేప లేదు, వెజ్ బర్గర్ లేదు. బీఫ్ తిననివాళ్ళు మీతో ఉంటే వాళ్ళకి మిగిలేది షేకులు, ఐస్‌క్రీమే, ఫ్రైస్ అయితే బీఫ్ కొవ్వులో వేయించారేమో అడిగి తీసుకోండి. మాతో వచ్చినవాళ్ళలో సగం మంది బీఫ్ ముట్టరు, అందుకని ఆ రోజు అందరికీ భోజనం ముందే అయిపోయేలా చూసుకుని సాయంత్రం ఇక్కడికి వచ్చాం, వాళ్ళు షేకులతో, మేము బర్గర్లతో అందరం తృప్తిగానే గడిపాం. ఇంటిల్లిపాదీ ఒకేచోట కడుపు నింపుకోవాలంటే పక్క ఊరు బెల్‌వ్యూలో బర్గర్‌మాస్టర్ అనే షాపు ఉంది. ఆ కంపెనీ కూడా పాతకాలపుదే, 1952లో మొదలైంది, చికెన్, చేప, వెజ్ రకాలు కూడా పెడతారు. అక్కడ నిజంగానే కారు దగ్గరికే వచ్చి ఆర్డర్ తీసుకుంటారు, హెడ్‌లైట్లు వేస్తే పిలిచినట్టు. రెడ్‌మండ్‌కి మారకముందు, 1980ల మొదట్లో మైక్రోసాఫ్ట్ ఆఫీసు దాని పక్కనే ఉండేది. సియాటిల్‌లో యూనివర్సిటీ దగ్గరున్న బర్గర్‌మాస్టర్ వాళ్ళ మొట్టమొదటి షాపు మాత్రం 2025లో మూతపడింది, అది విన్నప్పుడు బాధేసింది. ఇలాంటివి ఒకసారి పోతే మళ్ళీ రావు.

అన్నట్టు, 2019 జనవరిలో బిల్ గేట్స్ స్వెటర్ వేసుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని బర్గర్ కోసం క్యూలో నిలబడ్డ ఫోటో ప్రపంచమంతా తిరిగింది కదా, ఆ క్యూ డిక్స్‌దే. ఎవరికైనా అదే కిటికీ, అదే మెనూ.

కిటికీ వెనక పనిచేసేవాళ్ళలో కుర్రాళ్ళూ అమ్మాయిలే ఎక్కువ. ఈ కంపెనీ పనివాళ్ళకి హెల్త్ ఇన్సూరెన్స్ ఖర్చు తనే భరిస్తుంది, చదువుకునేవాళ్ళకి స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఆ దేశంలో బర్గర్ షాపులో పనిచేసేవాళ్ళకి ఇవి మామూలుగా దొరికేవి కావు. స్థాపకుల్లో ఒకరైన డిక్ స్పేడీ 2016లో పోయారు, ఆ పద్ధతి అలాగే నడుస్తోంది. సర్వీసు బాగుందని మనం అంటాం గానీ, నవ్వుతూ పలకరించే మనిషికి వెనక ఏ దన్ను ఉందో కూడా చూడాలని నాకనిపిస్తుంది.

బస విషయంలో నా సలహా ఒకటే, లైట్ రైల్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర్లో గది తీసుకోండి. మేము మొదట ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక హోటల్లో దిగాం, గది శుభ్రంగానే ఉంది, రేటు తక్కువే, కానీ షటిల్ ఎప్పుడొస్తుందో తెలియదు, రిసెప్షన్‌లో అడిగితే ప్రతిసారీ పది నిమిషాలే అంటారు, పిల్లలు సూట్‌కేసుల మీదే నిద్రపోయారు. తర్వాత ఊళ్ళోనే ఉన్న క్యాపిటల్ హిల్ అనే పేటకి మారాక ప్రాణం హాయిగా ఉంది. రేటు ఎక్కువే, గదులు చిన్నవే, కారు పెట్టుకోడానికి చోటు దొరకడం కష్టమే. అయితే అక్కడ కారుతో పనేముంది? ఎయిర్‌పోర్ట్ నుంచి రైలు నేరుగా అక్కడికొస్తుంది, పెద్దవాళ్ళకి టికెట్ 3 డాలర్లు, 18 ఏళ్ళ వరకూ పిల్లలకి ఉచితం. స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే బ్రాడ్‌వేలో 1955లో పెట్టిన ఇంకో డిక్స్ ఉంది. రాత్రి 2 దాకా తెరిచే ఉంటుంది, పొద్దుపోయి విమానం దిగినా ఆకలితో పడుకోనక్కర్లేదు. బ్రాడ్‌వేలో రాత్రిపూట గోల ఎక్కువ, పక్కనే బార్లు కూడా ఉన్నాయి, పిల్లలతో అయితే పగలో సాయంత్రమో వెళ్ళడం మేలు. బెల్‌వ్యూలో చుట్టాలింట్లో దిగేవాళ్ళకి క్రాస్‌రోడ్స్‌లో కూడా ఒక డిక్స్ ఉంది. రుచి అదే.

రుచి అదే అయినా నన్నడిగితే వాలింగ్‌ఫర్డ్‌కే వెళ్ళమంటాను. లైట్ రైల్‌లో యూనివర్సిటీ పేటలోని యూ డిస్ట్రిక్ట్ స్టేషన్‌లో దిగి 44 నంబరు బస్సు ఎక్కితే కాసేపట్లో వచ్చేస్తుంది. సాయంత్రం ఆరు దాటాక చూడండి, పనిబట్టలతో వచ్చిన మేస్త్రీలు, సాకర్ ఆడి బురద బూట్లతోనే దిగిన పిల్లలు, చెయ్యి చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచొచ్చే ముసలి దంపతులు, యూనివర్సిటీ స్టూడెంట్లు, అందరూ ఒకే క్యూలో. టూరిస్టుల కోసం కట్టిన చోటు కాదు, ఆ పేటవాళ్ళ చోటు.

తిన్నాక దక్షిణంగా దిగువకి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు నడిస్తే గ్యాస్ వర్క్స్ పార్క్ వస్తుంది. బొగ్గు నుంచి గ్యాస్ తీసే పాత ప్లాంటు అది, యంత్రాలు కూల్చకుండా చుట్టూ పార్కు చేసి 1975లో తెరిచారు. గుట్టెక్కితే లేక్ యూనియన్, నీళ్ళ మీద వాలే సీప్లేన్లు, అవతల ఊరి మేడలు కనిపిస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు అంతా ఎక్కుడే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ట్యాక్సీ పిలుచుకోండి. డిక్స్ ఉదయం 10:30కి తెరుస్తారు, థ్యాంక్స్‌గివింగ్‌కీ క్రిస్మస్‌కీ సెలవు, ఆ రోజుల్లో వెళ్ళేవాళ్ళు వేరే ఏర్పాటు చూసుకోండి.