విశాఖలో పాత డబుల్ బ్యారెల్ తుపాకీ కొనేవారికి హెచ్చరిక

లైసెన్సు తీసుకుని పాత 12 బోర్ తుపాకీ కోసం విశాఖలో తిరుగుతున్నవారు దయచేసి ఇది చదవండి. దుకాణం పేరు రాయను, నాకు జరిగింది మాత్రం దాచను.

నేను కొన్నదానికి పక్కపక్కనే రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. మామూలుగా ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, వెనకది ఎడమదానిది. చూపుడు వేలు ముందుదాని మీద, మధ్య వేలు వెనకదాని మీద ఉంచమని అమ్మినాయన నేర్పాడు. "ట్రిగ్గర్ ఎంత మెత్తగా ఉందో చూడండి" అని మురిసిపోయాడు కూడా. రేంజిలో తొలి దెబ్బకే రెండు గొట్టాలూ కలిసి పేలాయి. ట్రిగ్గర్ల చుట్టూ ఉండే ఇనుప గార్డు అంచు తగిలి ఉంగరపు వేలు చీలింది. భుజం వారం రోజులు కమిలి ఉంది.

అడిగితే తప్పంతా నా వేళ్లదే అన్నాడు. అందులో సగం నిజం. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు పిడికిలి దానంతట అదే బిగుసుకుంటుంది, రెండో ట్రిగ్గర్ మీద వేలుంటే నొక్కేస్తుంది. గార్డు లోపల చూపుడు వేలు ఒక్కటే ఉండాలి. మొదటిది పేలాకే వెనకదానికి జరపాలి. అలాగే సాధన చేశాను. అయినా మళ్లీ జంటగా పేలింది!

మరమ్మతు చేసే పెద్దాయన విప్పి చూపించాడు. తూటాను పేల్చే లోపలి సుత్తిని ఆపి ఉంచే ఉక్కు కొక్కెం అంచు అరిగిన సబ్బుబిళ్లలా గుండ్రంగా ఉంది. మెత్తదనం కోసం ఎవరో ఆకురాయితో రాశారట. మన సముద్రపు గాలికి పట్టిన తుప్పు సరేసరి. మొదటి పేలుడు కుదుపుకే రెండో సుత్తి జారుతోంది.

కొనేముందు గొట్టాలు ఖాళీ అని మీరే చూసుకోండి. రెండింటిలో మందు లేని డమ్మీ తూటాలు పెట్టి మూయండి. సేఫ్టీ తీసి, గొట్టాలు పైకి ఉంచి, తుపాకీ మడమను (భుజానికి ఆనించే చివరను) రబ్బరు చాప మీద రెండుసార్లు గట్టిగా తట్టండి. వేళ్లు ట్రిగ్గర్లకు దూరంగా ఉండాలి. తర్వాత ఒక్కొక్కటే నొక్కితే రెండుసార్లు 'టక్' మనాలి. ఒక్కటే వినిపిస్తే ఆ తుపాకీ వద్దు. సేఫ్టీ ఉందిగా అంటారు. చాలా పాతవాటిలో అది ట్రిగ్గర్లను ఆపుతుందే తప్ప సుత్తులను కాదు.

లైసెన్సులో నంబరు ఎక్కాక తిరిగివ్వడం కూరగాయలు మార్చుకున్నంత తేలిక కాదు. 2019 సవరణతో మామూలు లైసెన్సుదారుకు రెండు తుపాకులే పరిమితి. అందులో ఒక చోటు ఇప్పుడు దీనికే పోయింది. డబ్బు ఇంకా తిరిగి రాలేదు. ఇప్పటికే ఇలాంటిది కొన్నవారు ఈ పరీక్ష చేసేదాకా దానిలో రెండు తూటాలు ఒకేసారి పెట్టకండి.