గోరు ఫంగస్‌కి మాత్రా, పైపూతా?

కాలి బొటనవేలి గోరు పసుపుపచ్చగా మారి, మందమెక్కి, అంచులు పొడిపొడిగా రాలుతుంటే మెడికల్ షాపుకెళ్లి ఏదో ఆయింట్‌మెంట్ తెచ్చుకోకండి. సోరియాసిస్ ఉన్నా, దెబ్బ తగిలినా గోరు ఇలాగే కనిపించవచ్చు, అందుకే ముందు గోరు ముక్కతో కేవోహెచ్ పరీక్ష (ఫంగస్ ఉందో లేదో మైక్రోస్కోప్‌లో చూసేది) చేయించండి.

ఫంగస్ అని తేలితే, టెర్బినఫిన్ మాత్ర పెద్దవాళ్లకి మామూలుగా 250 మిల్లీగ్రాములు రోజుకొకటి, చేతి గోళ్లకి 6 వారాలు, కాలి గోళ్లకి 12. రక్తం ద్వారా గోరు మొదలు దాకా చేరుతుంది కాబట్టి ముదిరినదానికి ఇదే మేలని నా నమ్మకం. కాకపోతే లివర్ జబ్బు ఉన్నవాళ్లకి పనికిరాదు, మొదలుపెట్టేముందు లివర్ పరీక్ష చేయించుకోవాలి, కొందరికి నోటి రుచి కూడా పోతుంది.

అమొరోల్ఫిన్ పూతకి ఆ టెన్షన్ లేదు. గోరు అరగదీసి వారానికి ఒకటి రెండుసార్లు నెయిల్ పాలిష్‌లా వేయాలి, కానీ కాలి గోళ్లకైతే 9 నుంచి 12 నెలలు! ఒకటి రెండు గోళ్లకి, అదీ కొసనే ఉంటే పూత చాలు.

షుగర్ ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా ఏదీ ఎంచుకోకుండా స్కిన్ డాక్టర్‌కి చూపించండి. ఏది వాడినా కాలికి కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, కానీ మందు మాత్రం చెప్పిన గడువు వరకే, ఆ లోపు మధ్యలో ఆపేయకండి.