కలకత్తా గోరీల దొడ్డిలో మెకంజీ దొర

కలకత్తా వెళ్లే తెలుగువాళ్లు కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం చూసుకుని రైలెక్కేస్తారు. మన ఊళ్ల కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు, రాయించిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ సమాధి ఆ ఊళ్లోనే, సౌత్ పార్క్ స్ట్రీట్ గోరీల దొడ్డిలో ఉంది. ఒక పూట దానికి కేటాయించాల్సిందే.

హౌరాలో దిగితే ట్యాక్సీ కన్నా మెట్రో నయం. ఎస్ప్లనేడ్‌లో లైను మారితే తర్వాతి స్టేషనే పార్క్ స్ట్రీట్. అక్కణ్ణుంచి అదే రోడ్డు పట్టుకుని తూర్పుకి అరగంట లోపు నడక. ట్యాక్సీ ఎక్కితే "మల్లిక్ బజార్" అని చెప్పండి. ఉత్త "కబర్‌స్థాన్" అంటే లోయర్ సర్క్యులర్ రోడ్డు సమాధుల దగ్గర దింపే ప్రమాదం ఉంది. బెంగాలీ కవి మైకేల్ మధుసూదన్ దత్ సమాధి ఉన్నది అక్కడ. తీరికుంటే చూడండి, కానీ అది వేరు.

బసకి సదర్ స్ట్రీట్ మేలు. చవక, కానీ గదులు ఇరుకు, కొన్నిటికి కిటికీ ఉండదు. గది చూశాకే డబ్బు కట్టండి. పార్క్ స్ట్రీట్ హోటళ్లు బాగుంటాయి, ఖరీదెక్కువ.

ఈ దొడ్డిని 1767లో తెరిచారు. జ్వరాలు, కలరాలతో పోయిన కంపెనీ వాళ్లు, వాళ్ల భార్యలు, పసిపిల్లలు, అంతా కలిపి సుమారు 1600 సమాధులు. పిరమిడ్లు, గుమ్మటాలు, స్తంభాల మండపాలు చెట్ల నీడలో వీధులు తీరి ఉంటాయి. చూడ్డానికి రాతి కట్టడాల్లా ఉంటాయి గానీ చాలావరకు ఇటుకా సున్నమే, బెంగాల్ ఒండ్రు నేలలో రాయి ఎక్కడిది? గార పెచ్చులూడిన చోట లోపలి ఇటుక వరసలు బయటపడతాయి. ఆ సందులో ఒక్క రావి విత్తనం పడితే చాలు, వేరు గోడను చీల్చేస్తుంది. అరుగుల మీదికి ఎక్కకండి. వానల్లో నాచు జారుతుంది, దోమలూ ఎక్కువే. చలికాలం ఉదయాలు మంచివి.

అన్నిటికన్నా ఎత్తుగా మొన తేలి కనబడేది సంస్కృత పండితుడు విలియం జోన్స్ సమాధి (1794). ఆయన 1784లో పెట్టిన ఏషియాటిక్ సొసైటీ ఈ రోడ్డు మీదే ఉంది. హిందూ పద్ధతులు పాటించిన మేజర్ జనరల్ చార్లెస్ స్టువర్ట్‌కి (1828) గుడిలాంటి సమాధే కట్టారు. 22 ఏళ్లకే పోయిన కవి డిరోజియో కూడా ఇక్కడే.

మెకంజీది వాటంత తేలిగ్గా దొరకదు. పేరు ఇంగ్లీషులో కాగితం మీద రాసుకెళ్లి గేటు దగ్గరే అడగండి. ఏ ఊరు ఎవరు కట్టించారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం ఉంది, ఇవన్నీ కరణాల కవిలెల (ఊరి లెక్కల పుస్తకాల) నుంచి ఎత్తి రాయించిన పని ఆయనది. దాన్ని నడిపించింది ఏలూరు కావలి సోదరులు. బొర్రయ్య 1803లో పోతే తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నారు. 1821లో మెకంజీ చనిపోయాక కంపెనీ ఆ సేకరణను 10,000 పౌండ్లకు కొంది. తెలుగు ప్రతులు తర్వాత మద్రాసు చేరాయి. రాయలసీమలో ఎన్నో ఊళ్లకు రాతలో దొరికే చరిత్ర ఇప్పటికీ అదే. సమాధి ముందు పది నిమిషాలైనా నిలబడండి.

తిరుగుదారిలో ఇండియన్ మ్యూజియం తగులుతుంది. మెకంజీ మనుషులు బొమ్మలు గీసుకున్న అమరావతి స్తూపం శిల్పాలు కొన్ని అందులో ఉన్నాయి. సోమవారం మాత్రం పెట్టుకోకండి, మ్యూజియానికి సెలవు.