గాయపడ్డ ముఖానికి ఏది న్యాయం చేసింది: ఫొటోనా, బొమ్మా?

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకంలో నిలబడ్డ సైనికుడికి ఒళ్ళంతా మట్టి చాటునే ఉన్నా, తల మాత్రం బయటపడేది. గుండు తగిలితే దవడో ముక్కో పోయేది. అలా వచ్చినవాళ్ళకు 1916లో ఇంగ్లండ్‌లోని ఆల్డర్‌షాట్ సైనిక ఆసుపత్రిలోనూ, 1917 నుంచి సిడ్‌కప్‌ ఆసుపత్రిలోనూ సర్జన్ హెరాల్డ్ గిల్లీస్ ముఖాలు తిరిగి నిలబెట్టారు. ఒక్కో ముఖానికి ఎన్నో ఆపరేషన్లు పట్టేవి. మొదట ఎలా ఉంది, ఏ దశలో ఎంత మారింది అనేదానికి రికార్డు కావాలి. అందుకు ఫొటోలు తీసేవారు, ప్లాస్టర్ అచ్చులు పోసేవారు, బొమ్మలు వేయించేవారు.

అచ్చు ముఖం లోతు, ఎత్తు కొలుచుకోవడానికి పనికొస్తుంది. అంతకుమించి చెప్పుకోవడానికి లేదు.

ఫొటో సంగతి వేరు. జట్లాండ్ సముద్ర యుద్ధంలో గాయపడి కంటిరెప్పలు పోగొట్టుకున్న నావికుడు వాల్టర్ యో ఫొటోలు చూడండి. ఆపరేషన్‌కు ముందొకటి, తర్వాతొకటి. ఎవరూ కాదనలేని సాక్ష్యం. ఇందులో గీసేవాడి జాలి గానీ భయం గానీ కలవదు. అయితే అప్పటి ఫొటోలు నలుపు తెలుపువి. పచ్చి గాయం, ఎండిన చెక్కు, నీడ అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి.

ఆ తేడా చూపించింది హెన్రీ టాంక్స్ వేసిన పాస్టెల్ (రంగు సుద్ద) బొమ్మలు. ఈయన ముందు సర్జన్. తర్వాత వైద్యం వదిలేసి లండన్‌లోని స్లేడ్ ఆర్ట్ స్కూల్లో గురువయ్యారు. చర్మం కింద ఏముందో తెలిసిన చెయ్యి అది. ఎక్కడ ఎర్రగా వాచింది, ఎక్కడ కొత్త చర్మం లేతగా పడుతోంది అన్నది ఆ రంగుల్లో విడివిడిగా కనిపిస్తుంది. ఆపరేషన్ ఎలా చేయాలో చూపే రేఖాచిత్రాలూ గీశారు. కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఫొటో అంత తేటగా చెప్పలేదు.

ఆపరేషన్‌ను బొమ్మ తేటగా చెప్పగలదన్నది మన దేశంలో అప్పటికే రుజువైన సంగతి. టిప్పు సుల్తాన్ సేనకు చిక్కి ముక్కు కోయించుకున్న కావస్జీ అనే ఎడ్లబండివాడికి పుణె దగ్గర నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టారు. ఆ ఆపరేషన్ బొమ్మ 1794లో లండన్ పత్రికలో అచ్చయ్యాకే యూరప్ సర్జన్లకు ఆ పద్ధతిపై ఆసక్తి పుట్టింది.

నన్ను టాంక్స్ వైపు మొగ్గేలా చేసింది మాత్రం ఇంకోటి. సిడ్‌కప్‌లో చాలా వార్డుల్లో అద్దాలు ఉంచేవారు కాదు. ఊళ్ళోకి వెళ్ళే దారిలో కొన్ని బెంచీలకు నీలం రంగు వేశారు, వాటి మీద కూర్చున్నవాళ్ళను చూసి జనం ఉలిక్కిపడకుండా ముందే తెలియాలని. అందరూ చూపు తిప్పుకునే ఆ ముఖాన్ని ఒక మనిషి ఎదురుగా కూర్చుని, తీరిగ్గా, కళ్ళలోకి చూస్తూ గీశాడు. బొమ్మలోని సైనికుడూ మనవైపే చూస్తుంటాడు.

ఈ బొమ్మలను జనం ముందు పెట్టడం టాంక్స్‌కు ఇష్టం లేదు. ఆ మాటకు విలువిస్తాను. అయినా కొలతకూ రుజువుకూ ఫొటో, ఆ మనిషిని తెలుసుకోవడానికి పాస్టెల్. రెండింట్లో ఒకటే మిగలాలంటే నేను పాస్టెలే ఉంచమంటాను. అవి ఇప్పుడు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దగ్గర భద్రంగా ఉన్నాయి.