పాత స్కీ-డూ ఇలాన్‌కు చేయించిన విడిభాగాలు: వేటికి డబ్బు పెట్టొచ్చు, వేటికి వద్దు

ఇలాన్ అంటే మంచు మీద నడిచే స్కీ-డూ బండి (స్నోమొబైల్). ఇది 1971 మోడల్‌గా వచ్చి 1996 దాకా నడిచింది. ఎక్కువ మోడళ్లలో సింగిల్ సిలిండర్ రోటాక్స్ ఇంజిను, కింద ట్రాక్ (బండిని నెట్టే రబ్బరు పట్టా), దాన్ని మంచుకు అదిమిపట్టే బోగీ చక్రాలు. అన్నేళ్లు అమ్ముడైన బండి కాబట్టి చాలా భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. దొరకనివాటినే చిన్న వర్క్‌షాపుల్లో చేయించుకోవాలి. అక్కడ చేసే సరుకంతా ఒకేలా ఉండదు.

ముందు యురేథేన్ (రబ్బరులాంటి గట్టి ప్లాస్టిక్) పోతపోసిన డ్రైవ్ స్ప్రాకెట్, అంటే ట్రాక్‌ను తిప్పే పళ్లచక్రం సంగతి. పని బాగుంటే పెట్టిన ప్రతి పైసాకూ విలువుంటుంది. తేడా వచ్చేది మాదిరి దగ్గరే. అరిగిన స్ప్రాకెట్ పంపితే ఆ అరుగుదలతో సహా అచ్చు తీస్తారు. పైగా యురేథేన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది కూడా. అందుకే స్ప్రాకెట్‌తో పాటు ట్రాక్ కొలత కూడా ఇవ్వండి: 10 పిచ్‌లను (పిచ్ అంటే ట్రాక్ మీద పన్ను పట్టే ఒక చోటు నుంచి తర్వాతి చోటుకు దూరం) కలిపి కొలిచి పదితో భాగించండి. ఈ కాలపు ట్రాకుల్లో 2.52 అంగుళాలు, అంటే 64 మి.మీ. మామూలు. పాతవాటికి అదే ఉంటుందని అనుకోవద్దు. పిచ్‌కు 0.5 మి.మీ. తేడా వస్తే 10 పళ్లకు 5 మి.మీ. అవుతుంది, బరువు పడగానే ట్రాక్ పళ్ల మీది నుంచి టకటకా జారుతుంది. బిగించేటప్పుడు షాఫ్టు మీది రెండు స్ప్రాకెట్ల పళ్లూ ఒకే గీతలో ఉండాలి. ఒకటి కాస్త తిరిగి కూర్చున్నా ట్రాక్ ఒక పక్కకు లాగేస్తుంది. చాలామంది ఆ తప్పును ట్రాక్ బిగువు సరిచేసే టెన్షన్ బోల్టుల మీదకు నెట్టి, వాటితోనే కుస్తీ పడుతుంటారు.

పాలికార్బొనేట్ విండ్‌షీల్డ్ కూడా తీసుకోదగ్గదే. గట్టి చలిలో యాక్రిలిక్ పగిలినంత సులువుగా ఇది పగలదు. కానీ చలికి ముడుచుకుంటుంది, 500 మి.మీ. పొడవుకు 60 డిగ్రీల తేడాలో సుమారు 2 మి.మీ. అందుకే రంధ్రం బోల్టు కంటే 2 మి.మీ. పెద్దదిగా వేయించి, రబ్బరు వాషర్ పెట్టి, వదులుగానే బిగించాలి. పెట్రోలు గుడ్డతో మాత్రం తుడవొద్దు, సన్నటి పగుళ్లు వస్తాయి.

త్రీడీ ప్రింట్ భాగాల్లో నాబులు, కేబుల్ క్లిప్పులు బాగానే పనిచేస్తాయి. పీఎల్ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ మాత్రం సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, సైలెన్సర్ చుట్టుపక్కలకు అసలు పనికిరాదు. పొరల దిశ కూడా అడగండి. బోల్టు లాగే బలం పొరలను విడదీసే దిశలో పడితే, ప్లాస్టిక్ ఎంత మంచిదైనా భాగం అక్కడే చీలుతుంది.

క్రాంక్ సీళ్లు (ఇంజిను క్రాంక్ షాఫ్టు చివర్ల నుంచి గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు) చేయించడం దండగ. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో చెబితే బేరింగుల దుకాణంలోనే చాలావరకు దొరుకుతాయి. కానీ మార్చకుండా వదిలేయకండి. పాత సీలు గాలి లాగితే పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడి పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తుంది.

క్లచ్ భాగాలు మాత్రం బ్యాలెన్సింగ్ చేసి ఇవ్వని చోట ఎంత తక్కువకు వచ్చినా కొనొద్దు. వేల ఆర్‌పీఎంలో తిరిగేది విరిగితే ముక్కలు వచ్చేది నడిపేవాడి కాళ్ల వైపే.