టీమ్ క్యాలెండర్‌కి షీటా, గూగుల్ క్యాలెండరా, ఔట్‌లుకా? ఏది మేలు?

కొత్తగా టీమ్ లీడ్ అయిన వాళ్ళందరూ మొదటి నెలలోనే వెతికేది ఇదే అనుకుంటా. ఎవరు ఎప్పుడు లీవు, ఎవరిది ఏ షిఫ్టు, రిలీజ్ ఎప్పుడు, క్లయింట్ కాల్ ఎన్నింటికి, అన్నీ ఒకేచోట కనపడాలి. యూట్యూబ్‌లో చూస్తే బోలెడు టూల్స్ చెప్తారు, డెమోలో అన్నీ బాగానే ఉంటాయి. నేనైతే ఫీచర్లు చూడను. టీమ్‌లో అందరికన్నా బద్ధకస్తుడు ఒకడుంటాడు కదా, వాడు తన లీవు దేంట్లో ఎంటర్ చేస్తాడో అదే ఆ టీమ్‌కి సరైన టూల్. వాడు ఎంటర్ చెయ్యకపోతే ఎంత డబ్బు పోసి కొన్న క్యాలెండరైనా మీకు అబద్ధమే చూపిస్తుంది.

ముందు ట్రెలో, జిరా లాంటి పనులు ట్రాక్ చేసే టూల్స్‌ని పక్కన పెట్టేద్దాం. ట్రెలోలో క్యాలెండర్ వ్యూ ఉంది, ప్రీమియం ప్లాన్ తీసుకుంటే వస్తుంది, బాగుంటుంది కూడా. కానీ అది పని తారీఖు చూపిస్తుంది, మనిషి ఉన్నాడో లేడో చెప్పదు. డ్యూ డేట్ 20 అంటే 20 గడిలో కార్డు నిక్షేపంగా కూర్చుంటుంది, ఆ పని చెయ్యాల్సిన అమ్మాయి 17 నుంచి 21 దాకా చెల్లెలి పెళ్ళికి రాజమండ్రి వెళ్తోందని దానికేం తెలుసు. పని ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోడానికి అవి ఉంచుకోండి, ఎవరున్నారు ఎవరు లేరు అన్నదానికి వేరే కావాల్సిందే.

ఇక షీట్, అంటే ఎక్సెల్ లేదా గూగుల్ షీట్. పేర్లు కిందికి, తారీఖులు పక్కకి, లీవుకో అక్షరం, ఇంటి నుంచి పనికో అక్షరం, కాస్త రంగులు. దీన్ని చూసి పాతకాలం అని నవ్వేవాళ్ళున్నారు, నాకు మాత్రం నెల మొత్తం ఒక్క చూపులో కనపడటంలో దీన్ని కొట్టింది ఇంకోటి లేదు. గూగుల్ క్యాలెండర్‌లో నెల వ్యూ పెట్టి పది పన్నెండు మంది లీవులు చూడండి, ఒక్కో గడిలో రెండో మూడో కనపడి మిగతావి ‘ఇంకో 5’ అని వెనక్కి పోతాయి, మళ్ళీ ఒక్కోదాన్నీ నొక్కి చూడాలి. షీట్‌లో అడ్డంగా చూస్తే ఒక మనిషి నెల, నిలువుగా చూస్తే ఒక రోజు టీమ్. కింద ఒక వరసలో కౌంట్‌ఇఫ్ ఫార్ములా పెట్టుకుంటే ఆ రోజు ఎంతమంది లేరో వచ్చేస్తుంది, ముగ్గురు దాటితే గడి ఎర్రగా అయ్యేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకుంటే ఇంకేం కావాలి. రాత్రి షిఫ్టులున్న సపోర్ట్ టీమ్ అయితే రోస్టర్‌కి, అంటే ఎవరిది ఏ షిఫ్టో రాసే పట్టికకి, ఇదే బెస్టు, నేను వాదించను కూడా.

దీని రోగాలు దీనికున్నాయి. షీట్ గుర్తు చెయ్యదు, మనమే వెళ్ళి చూడాలి. ఫోన్‌లో ఆ సన్న గడుల్లో వేలితో తారీఖు పట్టుకోవాలంటే చిరాకు, పొరపాట్న పక్కవాడి వరసలో నొక్కేస్తారు. ఎక్సెల్ ఫైల్‌ని మెయిల్‌లో తిప్పే పద్ధతైతే అసలు వద్దు, ఎవరి దగ్గర ఏ కాపీ ఉందో దేవుడికే తెలియాలి. గూగుల్ షీట్ అయితే కనీసం వర్షన్ హిస్టరీలో ఎవరు ఏం మార్చారో కనపడుతుంది.

గూగుల్ క్యాలెండర్ చిన్న టీమ్‌కి, స్టార్టప్‌కి, జీమెయిల్ తప్ప ఇంకేం లేనివాళ్ళకి. రూపాయి ఖర్చు లేదు. మీ సొంత క్యాలెండర్‌ని షేర్ చెయ్యకండి, కంప్యూటర్లో ‘టీమ్ లీవులు’ అని విడిగా ఇంకోటి సృష్టించి దాన్ని షేర్ చెయ్యండి. షేరింగ్‌లో మెట్లుంటాయి, ఖాళీనా బిజీనా అంతవరకే చూపించడం, వివరాలన్నీ చూపించడం, మార్చనివ్వడం, మార్చడంతో పాటు షేరింగ్ పెత్తనం కూడా ఇవ్వడం. టీమ్‌కి మూడోది ఇస్తే చాలు, నాలుగోది మీ దగ్గరా, మీరు లేనప్పుడు చూసే ఇంకొకరి దగ్గరా. అందరూ ఫోన్‌లోనే ఎంటర్ చేస్తారు, ముందే చెప్పిన బద్ధకస్తుడు కూడా. అక్కడే ఇది షీట్ మీద గెలిచింది.

కంపెనీ మైక్రోసాఫ్ట్ 365 మీద ఉంటే మాత్రం గూగుల్ క్యాలెండర్ తెస్తానని పోరాడొద్దు, మీటింగులన్నీ ఔట్‌లుక్‌లో ఉండి లీవులు ఒక్కటీ ఇంకోచోట ఉంటే రెండూ చూసేవాడు ఉండడు. ఔట్‌లుక్‌లో షెడ్యూలింగ్ అసిస్టెంట్ తెరిస్తే పదిమందీ ఒకరి కింద ఒకరు వరసగా కనపడతారు, ఎవరికి ఎప్పుడు ఖాళీయో కళ్ళకి కట్టినట్టుంటుంది, మీటింగ్ పెట్టడానికి ఇంతకంటే హాయి లేదు. ఖాళీ, బిజీ, డౌటు, ఆఫీసులో లేను, వేరేచోట్నుంచి పని చేస్తున్నా అని విడివిడిగా పెట్టుకోవచ్చు. వారానికి మూడ్రోజులు ఆఫీసు, రెండ్రోజులు ఇల్లు నడుస్తున్న ఈ రోజుల్లో ఆ చివరిది బాగా పనికొస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ టీమ్స్ యాప్‌లో షిఫ్ట్స్ అని ఒకటుంది, షిఫ్టు మార్చుకోవాలంటే ఇద్దరూ ఒప్పుకుని మేనేజర్‌కి రిక్వెస్ట్ పంపుతారు, ఆయన ఓకే అంటే మారిపోతుంది. రోస్టర్ షీట్‌కి నిజంగా పోటీ ఇచ్చేది ఇదొక్కటే.

రెంటిలోనూ ఒక గొయ్యి ఉంది, చాలామందికి తెలీదు. లీవుని రోజంతా అని ఈవెంట్‌గా పెడితే, మీరు మార్చకపోతే గూగుల్ అయినా ఔట్‌లుక్ అయినా దాన్ని ‘ఖాళీ’ కిందే లెక్కేస్తుంది. అంటే మనిషి తిరుపతిలో క్యూలో ఉంటాడు, క్యాలెండర్ మాత్రం ఖాళీగా ఉన్నాడు మీటింగ్ పెట్టుకోండి అంటుంది. ఔట్‌లుక్‌లో ఆఫీసులో లేను అని మార్చాలి, గూగుల్‌లో ఆఫీసు అకౌంట్ అయితే ఔట్ ఆఫ్ ఆఫీస్ అని విడిగా ఉంటుంది, అది పెడితే వచ్చిన మీటింగుల్ని అదే కాదనేలా కూడా పెట్టుకోవచ్చు. షీట్‌లో ఈ గొడవ లేదు, ఎందుకంటే షీట్‌ని చూసి మీటింగ్ పెట్టేవాడే ఉండడు.

అమెరికా టీమ్‌తో పనిచేసేవాళ్ళకి షీట్ అసలు పనికిరాని చోటు ఇంకోటి, టైమ్ జోన్. న్యూయార్క్‌లో పొద్దున ఎనిమిదిన్నరకి పెట్టే స్టాండప్ (రోజూ జరిగే చిన్న మీటింగ్) మనకి వేసవిలో సాయంత్రం ఆరు, చలికాలంలో ఏడు. మార్చి రెండో ఆదివారం వాళ్ళ గడియారం ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. లండన్‌లో మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం. మధ్యలో ఆ కొన్ని వారాలు మూడు దేశాల వాళ్ళున్న కాల్ అయితే గందరగోళమే. క్యాలెండర్ ఇవన్నీ తనే చూసుకుంటుంది, అయితే మీటింగ్ ఏ టైమ్ జోన్‌లో పెట్టారో దాన్నే పట్టుకుంటుంది, అక్కడివాళ్ళ టైమ్‌లో పెడితే మన సాయంత్రం జరుగుతుంది, మన టైమ్‌లో పెడితే వాళ్ళ పొద్దున జరుగుతుంది. ఎవరు జరగాలో పెట్టేముందే తేల్చుకోండి.

సంక్రాంతి సంగతి ఏ టూలూ చెప్పదు. హైదరాబాద్‌లో టీమ్ ఉండి సగం మందిది కోస్తా అయితే భోగి, సంక్రాంతి, కనుమ మూడ్రోజులూ కుర్చీలు ఖాళీ. లీవు అప్లై చేసేది డిసెంబర్‌లో, కానీ ట్రైన్ రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఎవరు వెళ్తారో నవంబర్ మధ్యలోనే ఖాయమైపోతుంది. టికెట్ చేతిలో ఉన్నవాడికి లీవు లేదంటే ఏమవుతుందో మీకే తెలుసు. అందుకని దీపావళి అవగానే జనవరి గడులు తెరిచి ‘వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెయ్యండి’ అనాలి. తెలంగాణ వాళ్ళకి దసరా, బతుకమ్మ కూడా అంతే. ఈ ఒక్క పనికి ముగ్గురు దాటితే ఎర్రబడే షీట్ నాకు రెండు క్యాలెండర్ల కంటే నచ్చుతుంది.

ఆఫీసులో కూర్చోకుండా బయట తిరిగే టీమ్‌లది వేరే కథ. మెడికల్ రెప్‌ల మీద ఏరియా మేనేజర్ ఉన్నాడనుకోండి, నెల టూర్ ప్లాన్, రోజూ రిపోర్టు కంపెనీ యాప్‌లోనే పోతాయి, దాన్ని ఇంకోసారి క్యాలెండర్‌లో కొట్టమంటే రెప్ తిట్టుకుంటాడు. ఆయన తన జాయింట్ వర్క్ రోజులు, అంటే రెప్‌తో కలిసి తిరిగే రోజులు, మాత్రం ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని, ఆ రోజు ఎవరితో వెళ్తున్నాడో ఆ రెప్‌కి ఇన్వైట్ పంపితే చాలు, ఊరు లొకేషన్‌లో వేస్తే మ్యాప్ కూడా అక్కడే తెరుచుకుంటుంది. వాట్సాప్ గ్రూప్‌లో చెప్తే గుడ్ మార్నింగ్‌ల కింద పూడుకుపోతుంది.

నన్నడిగితే షిఫ్టులున్న టీమ్‌కి షీట్, కంపెనీలో మైక్రోసాఫ్ట్ ఉంటే ఔట్‌లుక్, మిగతా అందరికీ గూగుల్ క్యాలెండర్. పెద్ద పండగల నెలలకి ఎవరైనా సరే పక్కనే ఒక షీట్ పెట్టుకోండి. ఏది తీసుకున్నా లీవు కారణం మాత్రం టైటిల్‌లో రాయనివ్వకండి, ‘లీవు’ అని ఉంటే చాలు, డాక్టర్ అపాయింట్‌మెంటో పెళ్ళిచూపులో టీమ్ మొత్తానికి ఎందుకు.